ప్రతి ఆదివారం అణిమ

మంగళపాలెం శాఖా గ్రంథాలయంలో మనిషి చిన్నవాడైపోయిన దాఖలా అంతకు ముందు ఒక్కటీ లేదు. చిన్నబుచ్చుకున్నవారు మాత్రం చాలామందే ఉన్నారు. వారిలో ఎక్కువమందిని చిన్నబుచ్చినది సుగుణరత్నంగారు.

సుగుణరత్నంగారు బాలికోన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయినిగా పదవీ విరమణ చేశారు గాని, తప్పులు దిద్దే పనిని మాత్రం విరమించలేదు. కాన్వెంటులో చదువుకున్న రోజుల్లో సిస్టర్లు ఆమెకు రెండు సంగతులు నేర్పారు. వీపు నిటారుగా ఉంచి కూర్చోవడం ఒకటి. తప్పు కనబడితే కళ్లు మూసుకోకపోవడం రెండవది. మొదటిది ఆమె తన విషయంలోను, రెండవది ఇతరుల విషయంలోను తు.చ. తప్పకుండా పాటించేవారు. ఆమె ధర్మాగ్రహానికి గురికాని దుకాణం బోర్డు ఆ ఊళ్లో లేదు. ముఖ్యంగా న, ణల మధ్య ఊరివారు చూపే ఉదాసీనత ఆమె దృష్టిలో భాషాదోషం కాదు, శీలదోషం. "ఈ రోజు నాణేన్ని నానెం అన్నవాడు రేపు దొంగ నాణెం ఇవ్వడా?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పేవారు కాదు. చెబితే అందులో ఏ అక్షరం జారుతుందోనని భయం.

అటువంటి మనిషి కంట ఒకనాడు గ్రంథాలయం గుమ్మం పక్కనున్న నల్లబల్ల పడింది. "ప్రతి ఆదివారం సాయంత్రం అనిమే ప్రదర్శన. అందరూ ఆహ్వానితులే" అని దాని మీద రాసి ఉంది. రాసినది గ్రంథాలయాధికారిణి నస్రీన్. ఆమె సుగుణరత్నంగారి దగ్గర చదువుకున్న పిల్ల; తరగతిలో బెంచీ ఎక్కిన అనుభవం ఉన్న పిల్ల.

"ఏమిటిది నస్రీన్?"

"అనిమే టీచర్. అంటే ఏంటంటే, జపాన్‌లో..."

"జపాను వరకు ఎందుకు వెళతావు? ముందు ఇక్కడ చూడు. అణిమ. ణ. అష్టసిద్ధులలో మొదటిది. చివర ఆ ఏత్వం ఎక్కడి నుంచి వచ్చింది?"

"అది కాదు టీచర్, ఈ మాట వేరే..."

"నిఘంటువు తీయి."

నస్రీన్ నిఘంటువు తీసింది. అందులో అనిమే లేదు. అణిమ ఉంది: అణువంతగా మారగల శక్తి.

"చూశావా? నిఘంటువులో లేని మాట గ్రంథాలయం గోడ మీద ఉండడానికి వీల్లేదు" అని, సుగుణరత్నంగారు స్వయంగా సుద్దముక్క తీసుకుని, పాత మాట తుడిచి, ముత్యాల వంటి అక్షరాలతో 'అణిమా ప్రదర్శన' అని రాశారు. ఆ బల్ల మీద అంత అందమైన దస్తూరి అంతవరకు ఎవరూ చూడలేదు. నెలవారీ నివేదికతో పాటు పై కార్యాలయానికి ఒక ఛాయాచిత్రం పంపవలసి ఉంది కనుక, నస్రీన్ ఆ బల్లకే ఫోటో తీసి పంపింది.

ఒక ప్రభుత్వ సంస్థ ప్రజలకు ఏ పాటి సిద్ధిని చూపుతుందో పరిశీలిద్దామని ఆ ఆదివారం సుగుణరత్నంగారు వచ్చి మొదటి వరుసలో కూర్చున్నారు. ఆమె పక్కన రైల్వే గార్డుగా పనిచేసి దిగిపోయిన అప్పలకొండగారు కూర్చున్నారు. తెర మీద జపానువారి బొమ్మల ధారావాహిక మొదలైంది. మాటలు మాత్రం తెలుగువి.

కథ ఇది. కొండల మధ్య ఒక పల్లె. ఆ పల్లెవారు ఒక పెళ్లి వంటకు రాక్షసరాజు దగ్గర పెద్ద గుండిగ ఒకటి అరువు తెచ్చుకుని, తరాలు గడిచినా తిరిగి ఇవ్వలేదు. చివరికి దానిని ఇచ్చి రావడానికి ముగ్గురు బయలుదేరారు. తమోజి అనే వీరుడు. కోడిపెట్టను చూస్తే పారిపోతాడు. నెనోకా అనే మంత్రగత్తె. తుమ్ము వస్తే తప్ప ఆమె మంత్రం పారదు. మూడవది గుండిగను మోయడానికి కుదుర్చుకున్న కొండంత డ్రాగను. పొలిమేర దాటకముందే నెనోకా తుమ్మింది. డ్రాగను కాస్తా పందికొక్కంత అయిపోయి గుండిగలో పడింది. లోపలి నుంచి జమీందారు గొంతు ఒకటి ఖంగుమని మోగింది: "ఎవడ్రా అక్కడ! మేము గుండిగను మోయుటకు వచ్చితిమా, గుండిగ మమ్ము మోయుటకు వచ్చినదా?"

ఆ క్షణంలో సుగుణరత్నంగారికి రెండు జరిగాయి. కొండంత జంతువు కొక్కంత అయింది కనుక, తాను దిద్దిన అక్షరం నూటికి నూరుపాళ్లు సరైనదని రుజువై, నస్రీన్ వైపు విజయగర్వంతో తల తిప్పబోయారు. ఆ తల తిరిగే లోపల నవ్వు వచ్చింది. ఎంతో కాలంగా వాడుకలో లేని నవ్వు కావడం వల్ల అది సన్నగా, పొడుగ్గా, కూతలాగా వచ్చింది. అది తనదేనని పోల్చుకోవడానికి ఆమెకే కొంత వ్యవధి పట్టింది.

"ఏటండి టీచరుగారూ, అది మీరేనా?" అన్నారు అప్పలకొండగారు. "ఈల ఇనబడితే బండి కదిలిపోనాదనుకొని నెగిసిపోబోనాను."

"దగ్గు" అన్నారు సుగుణరత్నంగారు.

ఆ పైన ప్రతి ఆదివారం ఆమెకు దగ్గు వస్తూనే ఉంది. ముదిమి వయసులో బొమ్మలేమిటని ఎవరైనా అంటే, "అరువు తెచ్చిన పాత్రను తిరిగి ఇవ్వడమనే ధర్మం ఈ రోజుల్లో ఇంకెక్కడ బోధిస్తున్నారు? ఇది న్యాయశాస్త్రం" అని గద్దించేవారు. ఆమె వస్తున్నది న్యాయశాస్త్రం కోసం కాదు, డ్రాగను కోసం. పాలగిన్నె దగ్గరకు వచ్చిన పిల్లిని ఆమె "ఎవడ్రా అక్కడ!" అని అదిలించడం పక్కవాటా వారు రెండు మూడు సార్లు విన్నారు, మర్యాదస్తులు కనుక విననట్టే ఉన్నారు.

అడగవలసిన సందేహం ఆమె చాలా ఆలస్యంగా అడిగారు.

"నస్రీన్, డ్రాగను చిన్నదైనది మొదటి భాగంలోనే కదా. మిగిలిన భాగాలకు కూడా అణిమ అనే పేరు ఎందుకు?"

"అప్పుడు చెప్పబోతే నిఘంటువు తీయమన్నారు టీచర్. జపాన్‌లో బొమ్మల సినిమాల్ని అనిమే అంటారు. మాటే అది."

సుగుణరత్నంగారు లేచి, బయటికి వెళ్లి, నల్లబల్ల తుడిచి, అదే ముత్యాల దస్తూరితో 'అనిమే' అని రాశారు. లోపలికి వచ్చి, "తప్పు నాది. నీకు తోచిన శిక్ష వేయి" అన్నారు.

"అయ్యో, నేనేం శిక్ష వేస్తాను టీచర్! టీ తాగుతారా?"

శిక్ష లేని తప్పు ఆమెకు అజీర్తి చేసింది. అయితే ఆ అజీర్తి అప్పటికి చిన్నదే. బల్ల మీది అక్షరాన్ని తుడిచారు గాని దాని ఛాయాచిత్రం పై కార్యాలయానికి వెళ్లి చాలా రోజులైంది. పైకి వెళ్లిన అక్షరాన్ని తుడిచే గుడ్డను ఇంతవరకు ఎవరూ నేయలేదు.

ఆ ఆదివారమే గుండిగ రాక్షసరాజు కోట గుమ్మం దాకా చేరింది. తమోజి తలుపు తట్టాడు. లోపల అడుగుల చప్పుడు. గడియ తీస్తున్న చప్పుడు. తలుపు కిర్రుమంది. అక్కడితో ఆ భాగం అయిపోయింది. మిగిలినది చివరి భాగం ఒక్కటే.

మంగళవారం ఉత్తర్వు వచ్చింది.

"విషయము: మంగళపాలెం శాఖా గ్రంథాలయము – ప్రతి ఆదివారము అణిమా ప్రదర్శన – గురించి. సదరు గ్రంథాలయమునందు పాఠకులను ఎట్టి ముందస్తు అనుమతి లేకయే సూక్ష్మరూపులను చేయుచున్నట్లు ఛాయాచిత్రము వలన తెలియవచ్చినది. ప్రయత్నము అభినందనీయము. అయినను సదరు పాఠకులను తిరిగి యథారూపమునకు తెచ్చి ఇండ్లకు పంపుచున్నారా, లేక అటులనే పంపుచున్నారా అను అంశముపై స్పష్టత కొరవడినది. సిద్ధి ధ్రువీకరణ పూర్తియగునంతవరకు ప్రదర్శన నిలుపుదల చేయవలెను. ప్రదర్శన యంత్రమునకు ముద్ర వేయవలెను."

సుగుణరత్నంగారు దానిని రెండుసార్లు చదివారు. మొదట అర్థం కోసం. తరువాత తప్పుల కోసం. ఒక్క అక్షరదోషం దొరకలేదు. ఇంత శుద్ధమైన భాషలో ఇంత అపరిశుద్ధమైన తెలివితక్కువతనం ఇమడగలదని ఆమె అంతవరకు ఎరుగరు.

"ఆ తలుపు తీసినదెవరు నస్రీన్?"

"నేనూ చూడలేదు టీచర్. తెలుగు మాటలున్నది ఆ బొమ్మలు వేసే పెట్టెలో ఒక్కటే. దానికి లక్క ముద్ర వేసేశారు."

ముద్ర వేసిన వారంలోనే అదనపు సంయుక్త సంచాలకులు త్రిపురాంతకంగారు టేపు, కాటా వెంటబెట్టుకుని ధ్రువీకరణకు విచ్చేశారు. మనిషి పొట్టి, కంఠం మాత్రం ఆరడుగులు.

"సిద్ధి జరిగినదీ లేనిదీ శాస్త్రీయంగా నిర్ధారించుట నా బాధ్యత. ఇదివరలో ఫలితమిచ్చిన భాగమునే చూపవలెను. క్రొత్త భాగముతో ప్రయోగము చేసి ఎవరినైనా పోగొట్టుకున్నచో సమాధానము చెప్పవలసినది నేను."

ముద్ర విప్పి మొదటి భాగం వేశారు. అంతకు ముందు అప్పలకొండగారిని గోడకు నిలబెట్టి కొలిచారు. ప్రదర్శన ముగిశాక మళ్లీ కొలిచారు. అంగుళం తగ్గారు.

"సిద్ధించినది!" అన్నారు త్రిపురాంతకంగారు.

"సిద్ధీ లేదు గిద్దీ లేదు బాబూ, అది నడుంనొప్పి. అంతసేపు కూకుంటే నాను నిటారుగా నెగలేనండి."

"సిద్ధికి ముందు కొంత నొప్పి సహజము."

"ఇంటికాడ మా ఆవిడ కూడా నన్ను అలాగే తగ్గించేత్తాదండి. ఆవిడికి కూడా ఏదైనా సర్టిఫికెట్టు ఇప్పించండి మరి."

త్రిపురాంతకంగారు ఆ ప్రతిపాదనను గంభీరంగా పరిశీలనకు తీసుకున్నారు. అప్పుడు సుగుణరత్నంగారు లేచి, తరగతి ముందు నిలబడిన పిల్లలాగా చేతులు కట్టుకుని, తాను చేసినది మొదటి నుంచి చివరి వరకు చెప్పారు. ఒక్క మాట దాచలేదు. ఇంతకూ అది అనిమే తప్ప అణిమ కాదని, అపరాధం తనదేనని ముగించారు.

త్రిపురాంతకంగారు ఓపికగా విన్నారు.

"అమ్మా, మీరు ఆ పదమును దిద్దితినన్నారు. అవునా?"

"అవును."

"దిద్దకముందున్నది తప్పా, దిద్దిన తరువాత ఉన్నది తప్పా?"

"దిద్దిన తరువాత ఉన్నదే తప్పు."

"దిద్దిన తరువాత ఉన్నది తప్పైనచో, ఇక దిద్దుట అను మాటకే అర్థము లేదు కదా! తమరి వంటి విద్యావేత్త ఇటుల సెలవిచ్చుట విచారకరము. పైగా అనిమే అను పదము మా ఫైలులో ఎచ్చటను లేదు. ఉన్నదానిని లేదనుచున్నారు. లేనిదానిని ఉన్నదనుచున్నారు."

"అయితే నన్ను శిక్షించరా?"

"శిక్షించుటకు అపరాధము కావలెను. మా వద్ద సాఫల్యము మాత్రమే ఉన్నది. సాఫల్యమునకు శిక్ష లేదు, శాలువా ఉన్నది."

సుగుణరత్నంగారు జీవితమంతా న్యాయం కోరిన మనిషి. ఇతరులకు శిక్ష పడాలని కోరినప్పుడల్లా ఏదో ఒక మేరకు పడింది. తనకు పడాలని కోరిన ఒక్కసారి శాలువా పడింది.

నివేదిక ఆమోదం పొందేవరకు పెట్టెకు మళ్లీ ముద్ర వేసి త్రిపురాంతకంగారు వెళ్లిపోయారు. అక్కడి నుంచి ఉత్తర్వులు చీమల బారులాగా వచ్చాయి. పాఠకులు కుదించుకుపోతున్నారు కనుక పెద్ద కుర్చీలు దుబారా అని తేల్చి, వాటిని తీసుకుపోయి, అంగన్‌వాడీ పిల్లలు కూర్చునే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు పంపారు. పత్రికలు చదవడానికి వచ్చే పెద్దమనుషులు మోకాళ్లు చెవులకు తగిలేలా కూర్చుని దేశ పరిస్థితి చర్చించసాగారు. తరువాత పై అరలు పీకించారు. అణుప్రమాణులకు అవి అందవు గనుక. ఆపైన అసలు ఉత్తర్వు వచ్చింది: "సూక్ష్మరూప పాఠకులకు ఇంతటి హాలు అనవసరము. గ్రంథాలయమును మెట్ల క్రింది గదికి మార్చి, హాలును పాత బీరువాలు భద్రపరచుటకు అప్పగించవలెను."

నస్రీన్ మెట్ల కింది గదిలోకి వంగి వెళ్లి, వంగే బయటికి వచ్చింది.

"అందులో తెర కట్టడానికి చోటు లేదు టీచర్. చీపురు పెట్టడానికే చోటు లేదు. ఇంక ఆదివారం బొమ్మలు అయిపోయినట్టే."

సుగుణరత్నంగారు వెంటనే సంచాలకులకు తన నేరాన్ని అంగీకరిస్తూ అర్జీ రాశారు. "తమరి వినయమునకు కృతజ్ఞతలు" అని జవాబు వచ్చింది. ఇంకా ఘాటుగా, తనను తాను అహంకారి అని, అర్ధపండితురాలు అని, ఊరికి చీడ అని అభివర్ణించుకుంటూ మరొకటి రాశారు. ఆ వాక్యాలు రాస్తున్నప్పుడు ఆమెకు ఎంతో కాలానికి ఒక సరైన విద్యార్థి దొరికినట్టనిపించింది. "ఇంతటి అణకువ అణిమకే నిదర్శనము. సదరు లేఖను శిక్షణ తరగతులలో చదివించుటకు ఏర్పాటు చేయుచున్నాము" అని జవాబు వచ్చింది.

"నిజం చెపితే ఇనేవాడు లేడు కదండీ" అన్నారు అప్పలకొండగారు, ఎర్ర కుర్చీలోంచి లేవడానికి నస్రీన్ చేయి పట్టుకుని. "ఆ తలుపెనకాల ఎవుడున్నాడో తెలీకుండానే మనం పోతామన్నమాట."

ఆ మాట సుగుణరత్నంగారికి ములుకులా నాటింది. పోవడానికి ఆమెకు అభ్యంతరం లేదు. ఆ తలుపు అలా సగం తెరిచి ఉండగా పోవడానికి ఉంది.

ఇంటికి వెళ్లి, కుర్చీలో నిటారుగా కూర్చుని, సిస్టర్లు ఏమని ఉండేవారో అని ఆలోచించారు. వారు ఆమె తరఫున ప్రార్థన చేసి ఉండేవారు. ఫలితం దూరం. ఇక మిగిలినది డ్రాగను. డ్రాగను ఏమని ఉండేది?

దానికి సమాధానం ఆమెకు తెలుసు. వెనకటి భాగం ఒకదానిలో వంతెన కాపలావాడు గుండిగను ఆపి, లోహపు పాత్రలకు టోపీ లేనిదే వంతెన మీద ప్రవేశం లేదన్నాడు. తమోజి వాదించి ఓడిపోయాడు. డ్రాగను వాదించలేదు. "టోపీ ఒక్కటేనా? చెప్పులు అక్కరలేదా? ఇంత సడలింపా ఈ వంతెన మీద!" అని గద్దించింది. గుండిగకు ఎన్ని కాళ్లో తేల్చుకోవడానికి కాపలావాడు పైవారి దగ్గరకు పరుగెత్తాడు; ఈ లోపల గుండిగ వంతెన దాటింది.

మరునాడు సుగుణరత్నంగారు కొత్త అర్జీ రాశారు.

"మహారాజరాజశ్రీ సంచాలకులవారి దివ్యసముఖమునకు. అణిమ అష్టసిద్ధులలో మొదటిది మాత్రమే. రెండవదియైన మహిమను, అనగా శరీరమును మిక్కిలి పెద్దదిగా చేయు శక్తిని, సదరు గ్రంథాలయము చివరి భాగమునందు ప్రదర్శింప సిద్ధముగా నున్నది. మెట్ల క్రింది గదియందు పాఠకులు పెరిగినచో మెట్లు లేచిపోవు ప్రమాదము కలదు. మెట్లు ప్రభుత్వ ఆస్తి. కావున, ఉన్న హాలును ఉంచుటయే గాక, అది చాలునా అను విషయమును కూడ ఏలినవారు చిత్తగింప ప్రార్థన."

ఆ అర్జీలో అక్షరదోషం ఒక్కటి లేదు. నిజం కూడా ఒక్కటి లేదు. జీవితంలో మొట్టమొదటిసారి ఆమె సంతకం వంకరగా వచ్చింది. న్యాయం వీధి గుమ్మంలోంచి రానప్పుడు దొడ్డి గుమ్మం గడియ తీసి ఉంచడం పాపం కాదని ఆమె తనకు తాను నచ్చజెప్పుకున్నారు. తాను ఏ మాత్రం ఒప్పుకోలేదు. అయినా తపాలాపెట్టె దాకా నడిచారు; దారిలో కనబడిన ఏ బోర్డునూ దిద్దకుండా, తల వంచుకుని.

నిజానికి రెండు అర్జీలు చాలలేదు గాని, అబద్ధానికి ఒకటి చాలింది. జవాబు వెంటనే వచ్చింది. "మహిమా ప్రదర్శనకు అనుమతించడమైనది. హాలు యథాతథముగా కొనసాగును. పైకప్పు ఎత్తు చాలునా అను అంశమును అదనపు సంయుక్త సంచాలకులు ప్రదర్శన సమయమున స్వయముగా పరిశీలించెదరు."

ఆ ఆదివారం హాలు నిండిపోయింది. కుర్చీలు మాత్రం అవే ఎర్ర కుర్చీలు. కుర్చీల ఫైలు వేరే, అది ఇంకా అణిమ దగ్గరే ఉంది. త్రిపురాంతకంగారు టేపు చేతబట్టుకుని, ఎవరు ముందు పెరుగుతారోనని అందరినీ అనుమానంగా చూస్తూ గోడ వారగా నిలబడ్డారు.

"నన్నే సూత్తన్నారేటి సార్?" అన్నారు అప్పలకొండగారు.

"మీకు పూర్వానుభవమున్నది."

సుగుణరత్నంగారు మొదటి వరుసలో, అరచేయి వెడల్పున్న కుర్చీ మీద, వీపు నిటారుగా ఉంచి కూర్చున్నారు. నస్రీన్ దీపాలు ఆర్పింది.

తెర మీద తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. అవతల రాక్షసరాజు. ఏడు సముద్రాలు గడగడలాడే రాక్షసరాజు తెల్లవారకముందే నిద్రలేపిన గుమస్తాలాగా, భుజాన తువాలుతో, కళ్లు నులుముకుంటూ నిలబడి ఉన్నాడు. తమోజి మోకరిల్లాడు. నెనోకా ముక్కు గట్టిగా పట్టుకుంది. తరతరాల అపరాధం తీరిపోతున్న ఘట్టం కనుక వెనుక నుంచి గంభీరమైన సంగీతం మొదలైంది. రాక్షసరాజు గుండిగ చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరిగాడు. లోపలికి తొంగి చూశాడు. అంచు మీద వేలితో టంగుమని కొట్టాడు. తరువాత ముగ్గురి వైపు తిరిగి, ఇంటావిడ గొంతుతో అడిగాడు:

"మూత ఏది?"

సంగీతం ఆగిపోయింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సుగుణరత్నంగారి నుంచి ఈసారి వచ్చినది దగ్గు అనడానికి వీలు లేదు. అది కడుపులో పుట్టి, భుజాలను పట్టి కుదిపి, ఎన్నడూ వంగని వీపును రెండుగా వంచింది. అంగన్‌వాడీ కుర్చీ ఆ న్యాయశాస్త్రాన్ని భరించలేకపోయింది. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారాయి. ఫెళ్లుమన్న చప్పుడుతో ప్రధానోపాధ్యాయినిగారు నేల మీదికి వచ్చారు.

త్రిపురాంతకంగారు ఒక్క గంతున వచ్చి తెర ముందు నిలబడ్డారు.

"గరిమ!" అని కేక వేశారు. "శరీరము మిక్కిలి బరువగుట! మూడవ సిద్ధి! మహిమకు అనుమతి పొంది గరిమను ప్రదర్శించినారు! ఎవరూ ఆమెను కదల్చరాదు! కాటా తెండు!"

"టీచర్! టీచర్, లేవగలరా?" నస్రీన్ చీకట్లో తడుముకుంటూ పరుగెత్తుకు వచ్చింది.

"ఎముకలేటైనా ఇరిగాయేటండి?" అన్నారు అప్పలకొండగారు.

సుగుణరత్నంగారు నేల మీద పడినవారు పడినట్టే ఉన్నారు. కళ్లజోడు ఒక చెవికి వేలాడుతోంది. మొహం కన్నీళ్లతో తడిసిపోయింది. నవ్వు మధ్యలో ఊపిరి దొరకబుచ్చుకుని, చేయి ఎత్తి, త్రిపురాంతకంగారి నీడ పడిన తెర వైపు వేలు చూపించారు.

"ఎముకల సంగతి తరువాత చూసుకుందాం నస్రీన్. ముందు ఆయనను అడ్డు తప్పుకోమను. డ్రాగను ఏదో అంటోంది."